కాంపౌండరు గారి బండికి నేను చేసిన బాగు

2022 ఎండాకాలం. రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల లోపల నా షాపు. నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. ముప్పై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి. ఇంజను విప్పను, పెయింటు జోలికి పోను. బండిలో కరెంటు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో చూడటమే నా పని. పాత బళ్లంటే నాకు మోజు. ఎవరెవరో అతుకులేసి వదిలేసిన వైర్ల కుప్పను విప్పి, అవసరమైన నాలుగు వైర్లతో బండిని నడిపించడంలో ఉన్న సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ సుఖమే ఇక్కడ నా కొంప ముంచింది. నా కొంప అనడం కూడా తప్పే, మునిగింది వేరేవాళ్ల కొంప.

ఆ బండి ట్రాలీ ఆటోలో వచ్చింది. ఇంగ్లండులో తయారైన పాత సింగిల్ సిలిండర్ మోటారు సైకిలు. వెంట ఒక సెక్రటరీ గారు వచ్చారు. కోనసీమ వైపు ఒక ఊళ్లో చర్చి కమిటీకి సెక్రటరీ, బళ్లో మేష్టారు. చాలా మర్యాదస్తుడు.

"మా సంఘానికి వందేళ్లు నిండుతున్నాయండి. ఇది మిషన్ ఆసుపత్రి పెట్టిన దొరగారి బండి. ఊరేగింపులో మా ప్రెసిడెంటు గారు దీన్ని నడపాలి. కానీ ఎవరు కిక్కు కొట్టినా స్టార్ట్ అవదండి."

"ఎవరికీ అవదా?" అన్నాను.

"ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన ఏసురత్నం గారని ఉన్నారు. ఆయనకొక్కరికే అవుతుంది. పెద్దాయనైపోయారండి. ఎవరైనా స్టార్ట్ చేసేలాగ సులువు చేసి పెట్టండి."

ఎవరైనా స్టార్ట్ చేసేలాగ అన్న మాట వినగానే నా చేతులు దురద పెట్టాయి. నాకు పని నేర్పిన గురువు గారికి ఒక పద్ధతి ఉండేది. పాత బండి వైరు కోసే ముందు, రోజూ దాన్ని తోలే మనిషిని పిలిపించి, ఆయన చేతే ఒకసారి స్టార్ట్ చేయించి చూడాలి. ఆయన చెయ్యి ఎక్కడెక్కడికి పోతోందో చూడాలి. నేనూ అన్నేళ్లు అదే పాటించాను. కానీ కాంపౌండరు గారిని తీసుకురమ్మంటే సెక్రటరీ గారు "ఆయన్ని ఎందుకండీ ఇబ్బంది పెట్టడం" అన్నారు. నేనూ సరేలే అనుకున్నాను. నా అంతటివాడికి ఒకరు చూపించేదేముంటుంది అన్న పొగరు కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు.

టాంకు దింపి చూస్తే వైరింగ్ అంతా చిక్కుపడిన వలలా ఉంది. ఈ బళ్లలో ఆల్టర్నేటర్ ఉంటుంది, ఇంజను తిరుగుతుంటే అది కరెంటు పుట్టిస్తుంది. రెక్టిఫైరు అనే బిళ్ల ఆ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మారుస్తుంది. అక్కడి నుంచి స్పార్కుకీ లైట్లకీ పోతుంది. ఈ బండిలో బ్యాటరీయే లేదు. బ్యాటరీ ఉండాల్సిన పెట్టె ఖాళీగా ఉంది, మూత తీస్తే గుప్పున అయోడిన్ వాసన. సీటు కింద, చెయ్యి పెడితే తప్ప తెలియని చోట, ఇంట్లో వాడే కాలింగ్ బెల్లు స్విచ్ ఒకటి బిగించి ఉంది. దాని వైర్ల జాయింట్లకి ఇన్సులేషన్ టేపు కాదు, గాయాలకి వేసే ప్లాస్టరు చుట్టారు. ఎంత పొందిగ్గా చుట్టారంటే ఒక్క అంచు కూడా లేవలేదు.

మీటరు పెట్టి చూస్తే కాసేపటికి అర్థమైంది. కిక్కు కొట్టేటప్పుడు ఆ బెల్లు స్విచ్ నొక్కి పట్టుకుంటే ఆల్టర్నేటర్లో లైట్ల కోసం ఉన్న తీగ చుట్లు కూడా వచ్చి స్పార్కుకి సాయం చేస్తాయి. ఇంజను అందుకోగానే వదిలేయాలి. బ్యాటరీ లేకుండా బండి నడపడానికి ఎవరో తెలివైనవాడు ఆలోచించి చేసిన ఏర్పాటు అది. తెలియనివాడు పొద్దస్తమానం కిక్కు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. అది తెలిసిన క్షణంలో నేను ఫోన్ తీసి ఆ పెద్దాయనతో ఒక్క మాట మాట్లాడి ఉండాల్సింది. ఆ పెట్టెలో అయోడిన్ వాసన ఎందుకుందని అడిగి ఉండాల్సింది. అవేవీ చెయ్యలేదు. "బాగానే చేశాడు ముసలాయన" అని నవ్వుకుని, కటింగ్ ప్లయరు తీసుకున్నాను.

పాత వైరింగ్ మొత్తం లాగేశాను. ఆల్టర్నేటర్ చుట్లన్నీ ఒకటిగా కలిపాను. రెగ్యులేటర్, రెక్టిఫైరు రెండూ కలిసి ఉండే కొత్త యూనిట్ ఒకటి, పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ, ఒక్క ఫ్యూజు, ఒక్క తాళం. నేను వేసిన వైర్లు పాతవాటిలో మూడో వంతు కూడా లేవు. బెల్లు స్విచ్ చెత్తబుట్టలో పడింది. బండి రెండో కిక్కుకే అందుకుంది. మా వీధి చివర టీ కొట్టాయన్ని పిలిచి కొట్టమంటే ఆయనకీ అందుకుంది. ఆ రోజు నాకు పట్టరాని సంతోషం.

ఉత్సవానికి నన్నూ పిలిచారు. ప్రెసిడెంటు గారు తెల్లబట్టల్లో బండెక్కి ఊరంతా తిరిగారు. నాకు శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరసలో బక్కపలచని ముసలాయన కూడా కొట్టారు. ఆయనే ఏసురత్నం గారని తర్వాత తెలిసింది. ఊరేగింపు అయ్యాక బండిని చర్చి గేటు పక్కన కట్టించిన అద్దాల గదిలో పెట్టారు. దొరగారి జ్ఞాపకం, ఇక రోడ్డు మీద తిప్పకూడదని కమిటీ తీర్మానమట. మంచి ఆలోచనే అనుకుని శాలువా మడతపెట్టుకుని వచ్చేశాను.

వర్షాలు వెళ్లాక, ఒక మధ్యాహ్నం ఏసురత్నం గారు నా షాపుకొచ్చారు. కుర్చీ వేస్తే కూర్చుని చాలాసేపు మంచినీళ్లు తాగారు.

"ఏం లేదండి. ఆ బెల్లు స్విచ్ ఏమైనా ఉంచారేమోనని."

పారేశానని చెప్పాను.

"పర్లేదండి. ఉన్నా చేసేదేం లేదులెండి."

అప్పుడు చెప్పారు. మిషన్ ఆసుపత్రి మూతపడి చాలా ఏళ్లయింది. ఆయన మాత్రం మానలేదు. వారానికి మూడు రోజులు ఆ బండిని పంటు మీద గోదావరి దాటించి లంకల్లోకి పోయి, షుగరు పుళ్లున్నవాళ్లకి కట్లు కట్టి వచ్చేవారు. బ్యాటరీ పెట్టెలో ఉండేవి పుళ్లకి కట్టే గాజుగుడ్డలు, అయోడిన్ సీసా. బండి కాగితాల్లో సంఘానిదే. కమిటీలు మారినప్పుడల్లా ఎవరో ఒకరు దాని మీద కన్నేసేవారు. స్టార్ట్ అవక విసుగొచ్చి మళ్లీ ఆయనకే వదిలేసేవారు.

"నేను దాచుకోవడానికి పెట్టింది కాదండీ అది. అప్పట్లో దానికి సరిపడే బ్యాటరీ దొరక్క పెట్టుకున్నాను. తర్వాత తర్వాత తెలిసింది, బండి నా దగ్గరుందంటే దాని చలవేనని."

"మరి ఉత్సవాలప్పుడు చెప్పలేకపోయారా?"

"ఏమని చెప్పనండి? సంఘం సొత్తు సంఘం తీసుకుంది. సెక్రటరీ గారు నా చేతుల మీద పెరిగిన పిల్లాడిలాంటివాడు. నీకిక విశ్రాంతి తాతా అన్నాడు, ప్రేమగానే అన్నాడు."

"ఇప్పుడెలా వెళ్తున్నారు?"

"షేర్ ఆటో రేవు దాకా వస్తుంది. అవతల ఇసుకలో నడవాలి. వారానికి ఒకసారి పోతున్నాను. వరద తీశాక కూడా బురదలో నడవలేక నెలన్నర పోలేదు."

నాకు కోపం వచ్చింది. కమిటీ మీద, ఇంత మెతకగా ఉన్నందుకు ఆయన మీద. అసలు రావాల్సిన నా మీద మాత్రం అన్నిటికన్నా చివర వచ్చింది. సెక్రటరీకి ఫోన్ చేశాను. "తీర్మానం అయిపోయిందండి, అయినా మీరే కదండీ అంత బాగా చేసింది, మళ్లీ రోడ్డు మీద పాడుచేసుకుంటామా" అన్నాడు. నా పనిని మెచ్చుకుంటూనే నా నోరు మూయించాడు.

మర్నాడు నా బండి మీద ఏసురత్నం గారిని ఎక్కించుకుని లంకలోకి వెళ్లాను. నాలుగు ఇళ్లు తిరిగాం. చివరిది మరియమ్మ అనే ఆవిడ పాక. కూలిపని చేసిన మనిషి, అరవై ఉంటాయేమో. నులకమంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కుడికాలు మోకాలి కింద లేదు. ఆయన పోలేని ఆ నెలన్నరలో మడమ పుండు పైకి పాకింది. పెద్దాసుపత్రికి చేర్చేసరికి తీసేయడం తప్ప దారి లేకపోయిందట. కాంపౌండరు గారు ఈ సంగతి నాకు ముందు చెప్పలేదు.

"ఈ బాబెవరండి?" అంది ఆవిడ.

"మన బండి బాగు చేసినాయనమ్మా," అన్నారాయన. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అలా పరిచయం చేశారు.

ఆవిడ మొహం విప్పారింది. "బాగు చేసేరా బాబూ? మరింక ఎప్పుడొత్తాది బండి?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని ఆ మొండికాలికి కట్టు విప్పుతున్నారు. నేను బయటికొచ్చి నిలబడ్డాను.

ఇప్పుడు వారానికి రెండు రోజులు షాపు మూసి ఆయన్ని నేనే తీసుకెళ్తున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, మూడో రోజు నాకూ కుదరడం లేదు. అద్దాల గదిలో బండి తళతళలాడుతూ ఉంది. బ్యాటరీ చార్జింగు చూడమని కమిటీవాళ్లు అప్పుడప్పుడు కబురంపుతారు, వెళ్లను. పాత బండి వైరింగ్‌లో మనకు అర్థం కానిది తీయకూడదని అందరూ చెబుతారు. నాకు అర్థమయ్యే తీశాను. అది ఎలా పనిచేస్తుందో కనుక్కున్నాను గానీ, ఎవరి కోసం పనిచేస్తోందో అడగలేదు. అడగాలని మరియమ్మ కాలు పోయాక నేర్చుకున్నాను.