కూలర్ గాలికి పెట్టిన డిష్ డబ్బా

"డబ్బ ఇటియ్యి అవ్వా, బస్సు పోతది."

"పోనీ, ఇంకోటి వస్తది. డబ్బ మాత్రం ఇయ్య."

"నా డబ్బ నాకియ్యనీకి నీకేం కష్టం? రిపేరు కాకుంటే కాలేదని చెప్పు, తీసుకపోత."

"రిపేరైతది. ఇయ్యాల కాదు."

"రేపటి సంది మాకు రంజాన్ రోజాలు. పొద్దుమూకే వరకు డబ్బ పెడ్తనని మా అన్నకు మాటిచ్చి వచ్చిన."

"మాటిచ్చింది నువ్వు. నేనియ్యలే."

చాంద్ పాషా టేబుల్ మీద చెయ్యి చరిచాడు. పళ్ళెంలో ఉన్న స్క్రూలు ఎగిరిపడ్డాయి. "మోటర్లు చుట్టి చుట్టి నా వేళ్ళు కాయలు గాసినయి. కరెంటు గురించి నాకే జెప్తవా?"

"నీ మోటరు బోరుల ఉంటది. ఇది మనుషులుండే ఇంట్ల ఉంటది. ముందుగాల ఆ స్క్రూలు ఏరు."

కోపంగానే అయినా వంగి ఒక్కొక్కటీ ఏరాడు. మనిషి మంచివాడని అప్పుడే అనుకున్నాను. అయినా డబ్బా ఇవ్వలేదు.

ఈ తగాదా 2017లో, రోహిణి కార్తెలో, నార్కట్‌పల్లిలోని మా రిపేరు కొట్టులో జరిగింది. కొట్టు మా ఆయనది. ఆయన రేడియోలు, టీవీలు బాగుచేస్తుంటే నేను పక్కన కూర్చుని స్క్రూలు అందించేదాన్ని. అందిస్తూ అందిస్తూ పని నేర్చుకున్నాను. బడిలో చదివింది నాలుగో తరగతి వరకే. రాష్ట్రం రాకముందే ఆయన పోయాడు. కొట్టు మూసేస్తానని చుట్టాలంతా అనుకున్నారు. నేను మూయలేదు. మొదట్లో మిక్సీలు మాత్రమే ఇచ్చేవాళ్ళు. తర్వాత డిష్ డబ్బాలు కూడా ఇచ్చారు. కొత్తది కొనుక్కోమని నేను ఎవరికీ చెప్పనని వాళ్ళకు తెలుసు. చచ్చిన డబ్బాను కూడా పారెయ్యను. దాని పార్టులు ఇంకోదానికి పనికొస్తాయి.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. డిష్ డబ్బాను రిసీవర్ అంటారు. ఇంటి పైనున్న డిష్ గొడుగు అందుకున్న సిగ్నల్‌ను బొమ్మగా మార్చి టీవీకి అందిస్తుంది. లోపల బోర్డు మీద ఒక పక్కన పవర్ సప్లై ఉంటుంది. గోడ నుంచి వచ్చే పెద్ద కరెంటును చిన్న కరెంటుగా మార్చేది అదే. రెండో పక్కనున్నదంతా చిన్న కరెంటు మీద నడుస్తుంది. ఈ రెంటి మధ్య బోర్డు మీద రెండు కందిగింజల వెడల్పంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీని దాటి పెద్ద కరెంటు ఇవతలికి రాకూడదు. వస్తే డబ్బా రేకుకు, డిష్ కేబులుకు, కేబులు తగిలిన ప్రతి ఇనుముకు పాకుతుంది.

చాంద్ పాషాది మర్రిగూడ. బోరు మోటర్ల కాయిల్స్ చుట్టడం అతని పని. ఉగాది ముందు తన అన్న జహంగీర్‌ను ఇక్కడి దవాఖానకు తెచ్చినప్పుడు మా కొట్టు చూశాడట. ఆ తర్వాత ఒకరోజు డబ్బా పట్టుకొచ్చాడు. గంటసేపు నడిచి ఆగిపోతోందన్నాడు. విప్పి చూస్తే కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. కెపాసిటర్ అంటే కరెంటును కుదురుగా ఉంచే చిన్న డబ్బీ. ఎక్కువ వేడి తగిలితే ముందు అదే ఉబ్బుతుంది. పాత డబ్బాలోది ఒకటి తీసి వేశాను. "వేడికి చచ్చింది బిడ్డా, గాలి తగిలేటట్టు పెట్టుకో" అని చెప్పి పంపాను. అంతకుమించి ఒక్క మాట అడగలేదు, ఒక్క మాట చెప్పలేదు.

అదే డబ్బా రెండోసారి నా టేబుల్ మీదికి వచ్చింది. ఈసారి పది నిమిషాలకే ఆగిపోతోందట.

మూత చూడగానే చాంద్ పాషా చేసిన పని అర్థమైంది. రేకు మూతకు జల్లెడలాగా వరుసగా బెజ్జాలు వేశాడు. పాత కంప్యూటర్‌లోని చిన్న ఫ్యాను తీసి పైన బిగించాడు. దాని వైర్లను బోర్డుకే అతికించాడు. అతుకు చక్కగా ఉంది, పనిమంతుడి చెయ్యి. కానీ ఆ పవర్ సప్లైకి తన పని చేసుకునేంత శక్తే ఉంటుంది. ఫ్యాను బరువు కూడా మీద పడేసరికి ఫ్యూజు పోయింది. ఫ్యూజు గాజు గొట్టం ఉండాల్సిన చోట మోటరు చుట్టే రాగి తీగ మెరుస్తోంది.

"ఫ్యూజేది పాషా?"

"అది ఊకె కొట్టేస్తాంది. తీగ పెట్టిన. ఇప్పుడు కొట్టేస్తలేదు."

"కొట్టేసుడే దాని పని. దాని పని నువ్వు బంద్ చేసినవు."

అంతటితో అయితే తీగ పీకి, ఫ్యూజు వేసి ఇచ్చేసేదాన్నే. బోర్డు పైకి తీసి వెలుతురుకు పట్టాను. పిన్నుల మధ్య తెల్లగా పొరకట్టి ఉంది. చౌడు నేల మీద పూసిన ఉప్పులాగా ఉంది. నేను చెప్పిన ఆ రెండు కందిగింజల ఖాళీ మొత్తం పూడుకుపోయింది. దాని మధ్యలో నల్లటి గీత ఒకటి పాకింది. ఉప్పు మీదుగా కరెంటు నడిచి బోర్డు మాడితే అట్లాంటి గీత పడుతుంది. ఒకసారి మాడిన దారి వెంట కరెంటు మళ్ళీ మళ్ళీ నడుస్తుంది.

"దీన్ని కూలర్ ముంగట పెట్టినవా?"

"మరి నువ్వే అంటివి గదా, గాలి తగలాలని! ఫ్యాను పనిచెయ్యకపాయె. కూలర్ గాలి మంచిగ సల్లగుంటది."

కూలర్ గాలిలో తడి ఉంటుంది. ఆ తడి మర్రిగూడ బోరు నీళ్ళది. కుండలో పోస్తే కుండ తెల్లబారే నీళ్ళు, తాగితే ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరైడ్ నీళ్ళు. ఆ సంగతి ఈ జిల్లాలో పుట్టిన నాకు తెలియకపోలేదు. గాలి అన్నాను గానీ ఏ గాలో చెప్పలేదు.

డబ్బాకు కరెంటిచ్చి రేకుకు టెస్టర్ పెడితే వెలిగింది. ఇట్లాంటి డబ్బాలకు ఏ తప్పూ లేకున్నా టెస్టర్ కొంచెం వెలుగుతుంది కాబట్టి దాన్ని నేను నమ్మను. హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు ఒకటి నా దగ్గర ఉంటుంది. ఒక వైరు ఎర్త్‌కు, ఇంకోటి డిష్ కేబులు తగిలించే ఇనుప మొనకు పెట్టాను. బల్బు లోపలి తీగ నిప్పులాగా ఎర్రబడింది. బల్బు ఎర్రబడిందంటే మనిషిని పట్టుకునేంత కరెంటు అక్కడ ఉన్నట్టే.

చాంద్ పాషా కూడా చూశాడు. "జర జుమ్మంటదని మాకెరికే. మొన్న వదిన బట్టలు ఆరేస్తుంటే కంబానికి కట్టిన తీగ జుమ్మన్నదంట. చెప్పులు తొడుక్కొమ్మన్న."

"డబ్బ ఎక్కడుంటది ఇంట్ల?"

"పైన, గోడకు కొట్టిన చెక్క మీద. రేకుల కింద."

"రోహిణి ఎండల రేకుల కింద పెట్టినవా? గంత పైన ఎందుకు?"

అప్పుడు చెప్పాడు. జహంగీర్‌కు మెడ, నడుము బిగుసుకుపోయి నాలుగేళ్ళయింది. వెల్లకిలా తప్ప పడుకోలేడు, తల పక్కకు తిప్పలేడు. అందుకని టీవీని గోడకు పైన, రేకుల దగ్గర, కిందికి వంచి బిగించారు. డబ్బా నుంచి టీవీకి తగిలించే వైరు మూరెడే. అందుకే డబ్బాను కూడా టీవీ పక్కనే పెట్టారు.

"డిష్ గొట్టం దేనికి కట్టినవు?"

"రేకులు మోసే ఇనుప కంబానికి."

"మంచం ఇనుపదేనా?"

"ఆ."

"కంబానికి ఆనుకోని ఉంటదా?"

"ఆనుకోనే ఉంటది" అన్నాడు, బల్బు వైపు చూస్తూ.

"జుమ్మంటే నువ్వు చెయ్యి గుంజుకుంటవు. మీ వదిన చెప్పులు తొడుక్కుంటది. మీ అన్న ఏం గుంజుకుంటడు బిడ్డా?"

చాంద్ పాషా స్టూలు మీద కూర్చున్నాడు. "మక్కాల నమాజు చూపిస్తరు అవ్వా, ఆ డబ్బల. పోయిన రంజాన్ నెలంత అన్న దాంట్లనే చూసిండు. ఎత్తుకోని మస్జిద్‌కు తీసుకపోతనంటే వద్దంటడు, నలుగురు జూస్తరని. రోజాలు రేపటి సందే గని రంజాన్ మొదటి రాత్రి ఇయ్యాల్నే. పొద్దటి సంది అడుగుతున్నడు. మొకం ఎట్ల చూపియ్యాలె?"

వేరే డబ్బా ఇచ్చి పంపుదామంటే కుదరదు. చానళ్ళు రావడానికి లోపల పెట్టే కార్డు ఏ డబ్బాది ఆ డబ్బాకే పనిచేస్తుంది. ఉన్నదాన్నే బాగుచెయ్యాలి. ఉప్పు బోర్డులు తుడిచే థిన్నర్‌కు కరగదు, నీళ్ళతోనే కడగాలి. కడిగిన బోర్డు పూర్తిగా ఆరాలంటే తెల్లారాల్సిందే. తడి ఉండగా కరెంటు ఇస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

"ఒక్క రాత్రి ఓపిక పట్టు. ఇందుల తప్పు నాది సుత ఉంది. ఆనాడు సగం మాటే చెప్పిన."

"తప్పు నీదైతే శిక్ష మా అన్నకా?" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "గీ మాట నువ్వే వచ్చి అన్నకు జెప్పు" అన్నాడు.

"వస్త."

నమ్మలేదు. వెనక్కి చూడకుండా పోయాడు.

ఆ సాయంత్రం ఇంకే పనీ పెట్టుకోలేదు. తెల్లటి పొరను బ్రష్షుతో రాల్చాను. నల్లటి గీతను బ్లేడుతో శుభ్రమైన బోర్డు కనిపించేదాకా గీకాను. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాను. రాగి తీగ పీకి సరైన ఫ్యూజు వేశాను. ఫ్యాను ఊడదీసి, బెజ్జాల మీద పురుగు దూరకుండా సన్నటి జాలీ అతికించాను. పొద్దు ఉన్నంతసేపు ఎండలో, ఆ తర్వాత తెల్లారేదాకా బల్బు వేడికి ఆరబెట్టాను.

అన్నేళ్ళుగా నేను డబ్బాలను చూశాను తప్ప, అవి ఉండే ఇళ్ళను అడగలేదు. డబ్బా టేబుల్ మీద నడిస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఎక్కడ పెడతారు, ఏ గాలి తగులుతుంది, దాని కింద ఎవరు పడుకుంటారు అని ఆనాడే అడిగి ఉంటే, ఒక పొడుగాటి వైరుతో సరిపోయేది. అప్పటి నుంచి మూత విప్పకముందే ఆ మూడూ అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మర్నాడు పొద్దున మళ్ళీ బల్బు పెట్టి చూశాను. వెలగలేదు. నా దగ్గరున్న పాత వైర్లలోంచి పది గజాలది ఒకటి చుట్టుకుని, కొట్టు మూసి బస్సెక్కాను. రెండు బస్సులు మారి మర్రిగూడ చేరేసరికి ఎండ ముదిరింది.

ఒకటే గది. జహంగీర్ ఇనుప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. భార్య అట్టముక్కతో విసురుతోంది. కూలర్ ఎక్కడుందా అని చూశాను. బల్ల మీద స్టూలు, స్టూలు మీద కూలర్. దాని మూతి ఖాళీగా ఉన్న చెక్క వైపు, రేకుల వైపు ఎత్తి ఉంది.

"గా గాలి ఎవరికి?" అని అడిగాను.

"డబ్బకు అవ్వా" అన్నాడు జహంగీర్, పైకే చూస్తూ. "నా కోసం మల్ల మల్ల దించుడెందుకని నేనే వద్దన్న."

"నిన్న డబ్బ ఆపింది నేనే."

"ఎరికే. తమ్ముడు నిన్ను మస్తు తిట్టిండు."

"తిట్టనీ. రాత్రి ఏం చేసినవు?"

"ఏం జేస్త? రేకులు జూసిన."

ఆ మాట మెల్లగానే అన్నాడు. నేను వంగి పని చూసుకున్నాను. కూలర్‌కు దూరంగా, ఎదురు గోడ మొదట్లో రెండు ఇటుకలు వేసి, నేల మీద చల్లగా ఉన్నచోట డబ్బా పెట్టాను. అక్కడి నుంచి పైన టీవీ దాకా పది గజాల వైరు లాగాను. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ చాంద్ పాషా ఎర్త్ కోసం వాకిట్లో నేల తడిపి ఇనుప సలాక దిగ్గొట్టాడు. డబ్బా స్విచ్చు వేసి, బల్బు వైరు ఒకటి సలాకకు, ఇంకోటి మంచానికి పట్టాను. వెలగలేదు. కంబానికి పట్టాను. వెలగలేదు. జహంగీర్ రిమోట్ ఉన్న చేతిని మంచం పక్కకు వేలాడదీసి, కిందున్న డబ్బా వైపు నొక్కాడు. టీవీలో బొమ్మ వచ్చింది.

చాంద్ పాషా కూలర్‌ను స్టూలు మీది నుంచి దించి, అన్న వైపు తిప్పి పెట్టాడు.