పచ్చ అంటే ఏ రంగు

1998 జూన్‌లో నన్ను హస్తకళల అభివృద్ధి అధికారిగా తిరుపతికి బదిలీ చేశారు. పేరు పెద్దదే గానీ చేసేది తనిఖీ పని. పనివాళ్లు తెచ్చిన నమూనాను ఆర్డరు కాగితంతో పోల్చి, సరిపోతే సంతకం చేయాలి. ఆ సంతకం ఉంటేనే వాళ్లకు ప్రదర్శనలో అంగడి దొరుకుతుంది.

ఆ ఏడాది పైవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. మా ప్రాంతీయ అధికారి గదిలో, ఆయన కుర్చీకి ఎదురుగా, ఒక కలంకారీ వస్త్రం వేలాడేది. చెట్టు కింద నిలబడిన నర్తకి బొమ్మ. అందులోని రంగులతో పూసల దండలు చేయించాలన్నారు. ఆలోచన మంచిదే. కానీ ఆ బట్టను మాకు పంపలేదు. దాని ఫోటోను జిరాక్స్ తీసి, ఆ నలుపు తెలుపు కాగితం మీద బాణం గుర్తులు వేసి, రంగుల పేర్లు రాసి పంపారు. రంగులే ప్రధానమైన పనికి రంగు లేని కాగితం! దాని మీద మూడు సంతకాలు, రెండు ముద్రలు మాత్రం ఉన్నాయని నా డైరీలో రాసుకున్నాను.

పని చిత్తూరులో మస్తాన్‌బీ బృందానికి ఇచ్చాను. పదకొండు మంది ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని గాజుపూసలు గుచ్చేవారు. అప్పటిదాకా వాళ్ల దండలు వ్యాపారుల పేరుతోనే అమ్ముడయ్యేవి. సొంత పేరుతో అంగడి పెట్టుకునే అవకాశం రావడం అదే మొదలు. కాగితం చదివి వినిపించింది నేనే. నర్తకి చీర దగ్గర "పచ్చ" అని ఉంది. మాది పలమనేరు వైపు. ఆకు రంగే అనుకుని ముందుకు పోయాను.

ఆగస్టులో మా ఆఫీసుకు తనిఖీకి వచ్చిన ప్రాంతీయ అధికారిది కృష్ణా జిల్లా. దండ చూడగానే మొహం చిట్లించారు.

"పచ్చ అని రాస్తే ఆకుపచ్చ గుచ్చారేంటమ్మా? కళ్లు కనబడటం లేదా?"

"పచ్చే గదా సార్ గుచ్చినాము," అంది మస్తాన్‌బీ.

ఆయన బల్ల మీది పసుపురంగు ఫైలు ఎత్తి చూపించారు. "పచ్చంటే ఇదీ."

"అది పసుపు సార్. మీ పక్క చిలకలు గూడా ఆ రంగులోనే ఉంటాయా?"

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన "పనివారి అజాగ్రత్త వల్ల తిరస్కరణ" అని తనిఖీ పత్రంలో రాసి నా ముందుకు తోశారు. మా నిబంధనల ప్రకారం అజాగ్రత్త అని రాస్తే ఆ బృందం ఏడాదిపాటు నమూనా తేకూడదు. తప్పు ఆర్డరుదైతే పది రోజుల గడువిచ్చి మళ్లీ చేయించవచ్చు. కింద నా సంతకం లేనిదే పత్రం చెల్లదు.

సంతకం చేస్తే నా పొరపాటు కూడా అందులో కలిసిపోయేది. చేయలేదు. "ఈ మాటకు ఇక్కడ అర్థం ఆకుపచ్చ. చదివి చెప్పింది నేను" అని వేరే కాగితం రాసిచ్చాను.

"మీ జిల్లాలో తెలుగే సరిగా రాదండీ," అని ఆయన విసుక్కున్నారు. అయితే ఆ కాగితం పైకి వెళితే, గోడ మీది బట్ట ఎందుకు పంపలేదన్న ప్రశ్న ముందు వచ్చేది ఆయనకే. అది ఆయనకు చప్పున అర్థమైంది. "అజాగ్రత్త" కొట్టేసి "పదజాల భేదం" అని దిద్దారు. సొంత బద్ధకానికి అంత గౌరవమైన పేరు పెట్టిన అధికారిని ఇంకొకరిని నేను చూడలేదు.

గడువు కాగితం ఇవ్వబోతే మస్తాన్‌బీ అందుకోలేదు. "ఇంగ మాటలొద్దు సార్. ఏ రంగు కావాలో ఆ పూస ఈ కాగితానికి కట్టియ్యండి," అని డబ్బా తెరిచింది. అందులో ఐదు రకాల పసుపు పూసలున్నాయి. ప్రాంతీయ అధికారి ఒక్కొక్కటీ తీసి, చూసి, పెట్టేశారు. రోజూ తన కళ్లెదుట వేలాడే బట్టలో చీర ఏ పసుపో ఆయనకు తెలియదు. చివరికి మనిషిని పంపి బట్టనే తెప్పించారు.

తొమ్మిదో రోజుకు కొత్త దండలు వచ్చాయి. సంతకం చేశాను. అంగడి బోర్డు మీద మస్తాన్‌బీ పేరే రాయించుకున్నారు.

పేరు రాస్తే రంగు తెలిసిపోతుందనుకోవడం కుర్చీలో కూర్చున్నవాళ్ల భ్రమ. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా ప్రతి ఆర్డరు కాగితానికీ పూసలు దారంతో కట్టి పంపాను. ఫైళ్లు లావవుతున్నాయని పైనుంచి రెండుసార్లు మెమో వచ్చింది.