లక్ష్మీనరసమ్మ కుర్చీకి కట్టిన మైకు

ప్రొద్దుటూరులో సౌండ్ సెట్లు పెట్టే కమాల్ బాషాకు లోకంలో సగం వస్తువులంటే రోత. కింద నున్నటి టైల్సు, పైన రేకులు ఉన్న ఫంక్షన్ హాలంటే మరీ రోత. "హాలు గాదప్పా ఇది, బిందె. మూతి లోపల పెట్టి అరిసినట్లుంటాది," అంటాడు. ముప్పై ఏళ్లుగా ఇలాంటి బిందెల్లోనే మనిషి మాట మనిషికి వినిపించాలని ఆయన తంటాలు. ఆయనంటే నాకు గౌరవం అందుకే.

పోయినేడు జమ్మలమడుగులో వెంకటేశు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. తన సన్మానానికి తనే హాలు మాట్లాడుకుని, కమాల్ బాషాను పిలిపించుకున్నాడు. వెంకటేశుతో పదేళ్లు ఒకే బడిలో పనిచేసినవాణ్ణి కాబట్టి నేనూ వెళ్లి, వెనకాల బాషా లాప్‌టాప్ పక్కనే కూర్చున్నాను. వెంకటేశు తన జీవితం మీద తన గొంతుతోనే ఒక వీడియో తీయించుకున్నాడట. దాన్ని రెండుసార్లు వేయాలి. ఒకసారి జనానికి, ఇంకోసారి ముఖ్య అతిథిగా పిలిచిన పార్టీ నాయకుడు వచ్చాక.

బాషా లాప్‌టాప్‌లో రూమ్ కరెక్షన్ అని ఒకటుంది. వినేవాళ్ల తల ఉండే చోట మైకు పెడితే, కంప్యూటర్ ఒక్కో స్పీకరు నుంచి చప్పుడు పంపి, అది మైకుకు ఎట్లా చేరిందో చూసుకుని, హెచ్చుతగ్గులు తనే సరిచేస్తుంది. కాకపోతే ఆ మేలు మైకు పెట్టిన చోటికే. అందుకే బాషా అడిగాడు.

"మైకు యాడ పెట్టాల సార్?"

"ఇంగ యాడ? ముందు వరస సోఫా కాడ. అన్న కూర్చునేది ఆడనే గదా," అన్నాడు వెంకటేశు.

ఖాళీ సోఫాకు తగ్గట్టు హాలంతా సరిచేశారు. నాయకుడు ఇంకా రాలేదు, జనం వచ్చారు. వెంకటేశు తల్లి లక్ష్మీనరసమ్మ చాపాడు దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చి, మా వెనక స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మొగుడు పోయాక గొర్రెలు కాసి కొడుకును చదివించిన మనిషి. ముందుకొచ్చి కూర్చోమని ఆమెను ఒక్కరూ పిలవలేదు.

"నా గురించి చెప్పినాడంట నాయనా. ఇనేదానికే వచ్చినా," అంది బాషాతో.

వీడియో వేశారు. సోఫా దగ్గర బాగానే పలికి ఉంటుంది, అక్కడ వినేవాళ్లే లేరు. వెనక మాత్రం బొంయ్‌మని ఒకటే రొద. ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ రొదలోనే వెతుక్కుంది. అయిపోయాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గొర్రెలన్నాడు గదా? నా పేరు గూడా అన్నట్లుండె."

బాషా ముఖం మాడిపోయింది. "థూ, ఏం బతుకప్పా ఇది. ఖాళీ సోఫాకు ఇనిపిచ్చి, కన్నతల్లికి ఇనిపియ్యకపోతిని," అని, ఎవరినీ అడక్కుండా మైకు తెచ్చి ఆమె కుర్చీకి చెవి ఎత్తున కట్టాడు. కంప్యూటర్ కొలిచేటప్పుడు హాల్లో చప్పుడు ఉండకూడదు.

"అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించాల," అని చెప్పాడు.

హాలంతా లేచి నిలబడి తల వంచింది. పోయిందెవరని ఒక్కరూ అడగలేదు. స్పీకర్లు కీచుమంటున్నా తల ఎత్తలేదు. వెంకటేశు కూడా చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఇంకోరోజైతే నవ్వేవాణ్ణి, ఆ రోజు రోత పుట్టింది.

కాసేపటికి నాయకుడు వచ్చి, సోఫాలో కూర్చుని ఫోను చెవిన పెట్టుకున్నాడు. వీడియో మళ్లీ వేశారు. ఈసారి స్తంభం దగ్గర ప్రతి అక్షరం విడివిడిగా పలికింది.

"గురువులంతా నన్ను మెచ్చుకున్నారు. కానీ నాకంటూ చెయ్యి అందించినవారు ఎవరూ లేరు. నా కష్టమే నాకు తల్లి, తండ్రి. ఆ తర్వాత అన్నగారి దయ."

ఆమె గొర్రెలనుకున్న మాట గురువులు. ఆమె పేరు చివరిదాకా రాలేదు. ఇలాంటివాడి పక్కన కూర్చుని పదేళ్లు అన్నం తిన్నానా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

బాషా మైకు విప్పడానికి వంగాడు. లక్ష్మీనరసమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మళ్లా ఏస్తారా నాయనా?"

"ఏమో పెద్దమ్మా. ఎయ్యమంటే ఎయ్యాల."

"ఏస్తే మైకు మొదట సోఫా కాడ పెట్టినట్లే పెట్టు. అదే బాగుండె."