ముజ్నా అత్త ఇంజను ఆపలేదు

ముజ్నా అత్త మా నాన్నకు అక్క. బిదియ్యా ఊరి చివర మోటారు దగ్గర ట్యాంకు నింపి, ఆ ట్రాలీని తన బండికి తగిలించుకుని, ఇసుక తిన్నెల మధ్య ఉన్న ఆరు మకాములకు నీళ్ళు చేరుస్తుంది. రోజుకొక మకాం, శుక్రవారం సెలవు. సయీద్ మామయ్య బతికున్నప్పుడు ఆ పని ఆయనది. ఆయన పోయాక, మాలో భర్త పోయిన ఆడది పాటించే నాలుగు నెలల పది రోజులూ అత్త గుడారం దాటలేదు. ఆ గడువు తీరిన పొద్దున్నే మేకుకు వేలాడుతున్న తాళాలు తీసుకుని వెళ్ళి ట్యాంకు నింపుకొచ్చింది. వెళ్ళమని ఎవరూ అనలేదు. వద్దని కూడా అనలేదు, ఎందుకంటే అప్పటికి ఒంటెలు దాహంతో ఉన్నాయి.

ఇది జరిగి పద్నాలుగేళ్ళు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి ఆమె పక్క సీట్లో నేనే కూర్చుంటున్నాను. గొట్టం పట్టుకోవడం, ట్రాలీ కొక్కెం చూడడం నా పని. మిగతా సమయమంతా ఆమె చేతుల్ని చూస్తూ కూర్చుంటాను.

ఐదువందల గ్యాలన్ల ట్యాంకు అది. నిండితే ట్రాలీతో కలిపి మూడు టన్నులకు దగ్గరవుతుంది. అంత బరువుని మెత్తటి ఇసుకలో లాగాలంటే బండి కంటే ముందు మనిషికి ఓపిక ఉండాలి. అత్త ఎప్పుడూ బండిని తొందరపెట్టేది కాదు. పాత బండికి చేత్తో మార్చే గేర్లు. ఏ తిన్నె దగ్గర ఏ గేరు వెయ్యాలో ఆమె కాలికి తెలుసు. పోయిన చలికాలంలో ఆ బండి ఇంజను పగిలిపోయింది. మస్కట్ ఓడరేవులో పనిచేసే ఆమె కొడుకు హిలాల్ తన పికప్ తెచ్చి ఇచ్చాడు. అది ఆటోమేటిక్. క్లచ్ లేదు.

ఆ సంగతి అందరికంటే ముందు ఖల్ఫాన్ పెదనాన్న చెవిన పడింది. ఆయన సయీద్ మామయ్యకు అన్న, వరసకి మామయ్యే అయినా నేను పెదనాన్న అనే పిలుస్తాను. మా ఇసుకల్లో ఆయన మాటకు విలువ ఎక్కువ. ఒకప్పుడు ఆయన ఒంటెలు పందేల్లో పరిగెత్తాయి. ఇప్పుడు పాతిక ఒంటెలతో అందరికంటే దూరంగా, పెద్ద తిన్నె అవతల ఉంటాడు. ఆయన నీళ్ళ రోజు గురువారం.

"రెండు కాళ్ళున్న మనిషికి ఒక్క కాలికే పని చెప్పే బండి అది," అన్నాడట ఆయన. "మస్కట్‌లో కూరగాయలు తెచ్చుకోడానికి బాగుంటుందమ్మాయ్. నీళ్ళు లాగడానికి కాదు."

"నా ఎడమ మోకాలు ఎప్పట్నుంచో సెలవడుగుతోంది బావగారూ. ఇన్నాళ్ళకి దొరికింది," అని నవ్వేసింది అత్త.

మొదటి వారం దగ్గరి మకాములకు బాగానే వెళ్ళొచ్చాం. గురువారం వచ్చింది. పెదనాన్న మకాముకు వెళ్ళే దారిలో మరో మూడు మకాములు తగుల్తాయి. వాళ్ళ నీళ్ళ రోజు కాకపోయినా ఆగకుండా దాటిపోవడం మాలో లేదు. ఆగాలి, ఇంజను ఆపాలి, ఆ నిశ్శబ్దంలో సలాం చెప్పాలి. చాప మీద కూర్చుని ఖర్జూరం తిని కాఫీ తాగాక, కబుర్లేంటని వాళ్ళు అడగాలి. కబురేం లేదు, అంతా చల్లగా ఉందని మనం చెప్పాలి. అసలు విషయం, అది చావు కబురైనా సరే, ఆ తర్వాతే. ఇంజను ఆపకుండా దిగితే నీ చాప మీద కూర్చునే తీరిక నాకు లేదని మొహం మీద చెప్పినట్టు.

అత్త మూడు చోట్లా ఇంజను ఆపింది. మూడో మకాం చేరేసరికి బండి ముందు పలకలో ఎర్ర దీపం ఒకటి వెలిగింది. వేడెక్కిందేమో, కాసేపు ఆపితే అదే చల్లారుతుందంది అత్త. కాఫీ తాగి బయల్దేరాం. పెద్ద తిన్నె సగం ఎక్కాక ఇంజను అరుస్తోంది గానీ చక్రాలు తిరగడం లేదు. మాడిన వాసన వచ్చింది. బండి మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

అంత బరువుతో జారితే ట్రాలీ తిరగబడుతుంది. అత్త చేతి బ్రేకు వేసి దిగి, తనే ట్యాంకు అడుగు మూత విప్పి నీళ్ళన్నీ వదిలేసింది. ఐదువందల గ్యాలన్లు. ఇసుక మీద ఒక మరక మిగిలింది, అది కూడా కాసేపట్లో ఆరిపోయింది. ఆమె బురఖా వెనక మొహం ఎలా ఉందో నాకు కనబడలేదు. మూత పట్టుకున్న చెయ్యి మాత్రం చాలాసేపు విప్పలేదు.

నీళ్ళు రాలేదేమని చూసుకుంటూ పెదనాన్న తన పాత బండితో వచ్చి మమ్మల్ని లాక్కెళ్ళాడు. కసరలేదు. చాప వేయించి కాఫీ పోయించి, కబుర్లేంటని అడిగాడు.

"కబురేం లేదు. అంతా చల్లగా ఉంది," అంది అత్త.

అప్పుడు చెప్పాడు. ఇబ్రాలో ఒక ట్యాంకరతనితో మాట్లాడాననీ, పెద్ద లారీ అనీ. "వచ్చే గురువారం ఈ తిన్నె దాటి నీళ్ళు తెచ్చావా, పని నీదే. తేలేకపోతే ఆరు మకాములకీ అతనే తెస్తాడు. నా ఒంటెలు నీ పంతం తాగి బతకవు కదమ్మా."

అత్త కప్పు ఖాళీ చేసి లేచింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదని, చల్లారిన బండిని ఖాళీ ట్రాలీతో మెల్లగా నడుపుకొస్తూ దారిలో నాతో అంది.

బిదియ్యాలో కోయా అని మలబారు మెకానిక్ ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా మా ఊళ్ళోనే ఉన్నా అరబ్బీ ముక్కలు ముక్కలుగానే మాట్లాడతాడు. గేరుపెట్టె నూనె తీసి తెల్ల గుడ్డ మీద చుక్క వేశాడు. ఎర్రగా ఉండాల్సింది నల్లగా ఉంది. ఎక్కడెక్కడ ఆగారని అడిగాడు. అత్త చెప్పింది. ఆగినప్పుడల్లా ఇంజను ఆపారా అని అడిగాడు. ఆపకుండా ఎలా దిగుతారంది అత్త.

"అదే మాడ్చింది," అన్నాడు కోయా. "ఇంజను తిరిగితేనే ఈ నూనె తిరుగుద్ది, చల్లబడుద్ది. నువ్వు ఆపేస్తే వేడి అక్కడే కూర్చుంటది. నువ్వు బయట కాఫీ తాగుతా ఉంటే ఇది లోపల ఉడుకుతా ఉంది."

నూనె మార్చాడు. నూనెని చల్లార్చే చిన్న జాలీ ఒకటి అదనంగా ముందు వైపు బిగించాడు. ఇసుకలో బరువు లాగేటప్పుడు గేరు కర్రను డీ అనే అక్షరం మీద వదిలేస్తే బండి ఏ గేరో తేల్చుకోలేక పైకీ కిందికీ మార్చుకుంటూ వేడెక్కిపోతుందనీ, రెండో గేరులోనే కట్టేసి ఉంచాలనీ చెప్పాడు. వేడిగా ఉన్నప్పుడు ఆగితే కర్రను ఏ గేరూ పడని ఎన్‌లో పెట్టి, చేతి బ్రేకు వేసి, ఇంజన్ని తిరగనివ్వాలన్నాడు. ఇంటికొచ్చాక బండి పుస్తకంలో ఆ పేజీ నాతో మూడుసార్లు చదివించుకుంది అత్త. పుస్తకం కూడా అదే అంటోంది.

"రెండులో పెట్టడం నా చేతిలో పని," అంది చివరికి. "ఇంజను ఆపకుండా వాళ్ళ చాప దగ్గర దిగడం ఎలాగే?"

ఆ ఒక్కరోజుకీ ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోదామన్నాను. అత్త నన్ను చూసిన చూపుకి తలొంచుకున్నాను.

"మీ మామయ్యని సమాధి దాకా మోసింది ఆ మూడు మకాముల వాళ్ళే. వాళ్ళ చాపల మీద దుమ్ము కొడుతూ పోనా?"

గురువారం పొద్దుటి నమాజు అవగానే బయల్దేరాం. ఇసుక మొదలయ్యే చోట అత్త బండికీ ట్రాలీకీ చక్రాల్లో గాలి సగానికి తీసేసింది. నాలుగు చక్రాలూ లాగే నిదానపు మీట వేసి, గేరు కర్రను రెండుకు లాగి, ఇక దాని మీద నుంచి చెయ్యి తీసేసింది.

మొదటి మకాంలో ఘుబైషా అనే ముసలామె కాఫీ కూజా పట్టుకుని నిలబడి ఉంది. అత్త కర్రను ఎన్‌లో పెట్టి, బ్రేకు వేసి, నన్ను లోపలే ఉండమని దిగింది. ఇంజను తిరుగుతూనే ఉంది. ముసలామె బండి వైపు చూసింది, కూజా వంచలేదు. అత్త చెప్పులు విప్పి, చాప మధ్యకు వెళ్ళి కాళ్ళు మడుచుకుని కూర్చుంది. ఖర్జూరాలు తింది. మేకల గురించి పేరుపేరునా అడిగింది. ఎప్పుడూ కూర్చునే దానికి రెండింతలసేపు కూర్చుంది.

"ఇంతసేపు కూర్చున్నావంటే తొందరేం కాదు, బండే పాడైనట్టుంది," అంది ఘుబైషా కూజా వంచుతూ.

రెండో మకాంలో ఎప్పట్లాగే కాఫీ పోశారు. మూడో మకాంలో కప్పు అంచుదాకా నింపి ఇచ్చారు. తాగేసి వెళ్ళిపొమ్మనడానికి మాలో అలా పోస్తారు. అత్త ఆ కప్పుని చుక్క ఒలకకుండా తాగి, ఇంటివాళ్ళ పిల్లల చదువుల గురించి అడుగుతూ ఇంకాసేపు కూర్చుంది. బండి ఎక్కగానే ముందు పలక వైపు చూసింది. ఎర్ర దీపం వెలగలేదు.

పెద్ద తిన్నె మీద రెండొంతులు ఎక్కాక చక్రాలు కూరుకోవడం మొదలైంది. అత్త కాలు ఇంకా గట్టిగా నొక్కుతుందనుకున్నాను. నొక్కలేదు, తీసేసింది. వెనక ట్రాలీ పక్కకు తిరగకుండా, అద్దాల్లో చూసుకుంటూ, వచ్చిన చాళ్ళలోనే మూడు టన్నుల్నీ అడుగు అడుగుగా కిందికి దింపింది. ఎడమ పక్కన, గాలికి గట్టిపడ్డ ఇసుక మీదుగా మళ్ళీ ఎక్కించింది. ఇంజను చప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంది. తిన్నె అంచు మీద ట్యాంకులో నీళ్ళు ఒకసారి ముందుకు ఊగి మమ్మల్ని తోశాయి. అవతల పెదనాన్న మకాం కనబడింది.

చాప మీద ఆయన పక్కన కొత్త మనిషి కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఇబ్రా ట్యాంకరతను, దారి చూసుకోడానికి వచ్చాడు.

అత్త బండిని ఆపి, ఇంజను తిరుగుతుండగానే దిగింది. పెదనాన్న మొహం మారింది.

"ఇంజను ఆపు ముజ్నా. ఇంట్లో అతిథి ఉన్నాడు."

"ఆపను బావగారూ."

ఆ మాట ఆయనతో ఎవరైనా అనడం నేనెప్పుడూ వినలేదు. కొత్తతను కప్పు కింద పెట్టేశాడు. అత్త ముందుకు వచ్చి, గొంతు పెంచకుండా అడిగింది.

"మీ ఒంటె పందెం గీత దాటి రాగానే అక్కడే మోకాళ్ళ మీద కూలేస్తారా?"

"చస్తుంది అలా చేస్తే," అన్నాడు పెదనాన్న. "ఊపిరి కుదిరేదాకా నడిపిస్తాం."

"ఇదీ అంతే. మీ ఒంటెల నీళ్ళు మోసుకుని తిన్నె ఎక్కొచ్చింది. పోయిన వారం మీ మర్యాదకి కూలేశాను, చచ్చింది."

 పెదనాన్న కర్ర ఊతంగా లేచి బండి దగ్గరకు వచ్చాడు. ముందు భాగం మీద అరచెయ్యి ఆనించి, ఒంటె డొక్క దగ్గర వంగినట్టు వంగి విన్నాడు. ఎక్కడా తొందర లేదు. లోపల తాళం పట్టుకుని కూర్చున్న నాకు ఆయన తెల్ల గడ్డం, మూసుకున్న కళ్ళు అద్దంలోంచి కనబడుతున్నాయి. ఇంజను చప్పుడు మెల్లమెల్లగా తగ్గి నెమ్మదించింది.

"ఇప్పుడు ఆపు పిల్లా," అన్నాడు నాతో. "కుదిరింది."

తాళం తిప్పాను. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, ఆయనే ముందు అత్తకు సలాం చెప్పాడు. చాప మీద తన పక్కన చోటు చూపించాడు. ఖర్జూరాలూ కాఫీ అయ్యాక కబుర్లేంటని అడిగాడు. కబురేం లేదు, అంతా చల్లగా ఉందంది అత్త. ఇబ్రా అతని వైపు తిరిగి, దూరం నుంచి రప్పించి శ్రమపెట్టానన్నాడు పెదనాన్న.

"మా ఇంటి కోడలు తెచ్చింది. ఇక మాకు వేరే నీళ్ళు అక్కర్లేదు. మధ్యాహ్నం భోంచేసి వెళ్ళు."

అతను ఏమీ అనుకోలేదు. నేను గొట్టం విప్పి తొట్టిలో వేస్తుంటే ట్రాలీ చక్రాల జాడ వెంట తిన్నె అంచు దాకా నడిచి, మేము ఎక్కొచ్చిన వైపు చూసి వచ్చాడు. అటు రెండు జతల చాళ్ళున్నాయి, ఒకటి రెండొంతుల దగ్గరే ఆగిపోయింది.

"అంత ఎత్తు నుంచి దీన్ని వెనక్కి దింపింది ఎవరమ్మా?" అని అత్తను అడిగాడు.

"నేనే," అంది అత్త. ఒంటెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి చుట్టూ చేరాయి. ఆమె పక్కకు తప్పుకుని వాటికి దారి ఇచ్చింది.