సొరకాయ రోజు

కోపం నాకు తలకు దెబ్బ తగిలాకే వచ్చిందని డాక్టర్లు అంటారు. ఆ మాట చెబితే మా ఆవిడ ఫోన్లో పగలబడి నవ్వింది. పెళ్లినాటి నుంచీ ఉన్నది కొత్తగా వచ్చిందంటే ఆమె ఎలా నమ్ముతుంది? ఏదైతేనేం, ఆ కోపమే లేకపోతే నేనీపాటికి పిచ్చివాడనే కాగితం చేతపట్టుకుని జగిత్యాలలో బస్సు దిగి ఉండేవాణ్ణి.

నేను ప్లాస్టరింగ్ మేస్త్రీని. ఒమాన్‌లో సమాయిల్ దగ్గర ఒక సైట్‌లో పరంజా మీద నుంచి పడ్డాను. హెల్మెట్ పగిలింది, తల మిగిలింది. మస్కట్ ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది. మాటలు కూడా కొన్ని పోయాయి. చెంచా కళ్ల ముందే ఉండేది, దాని పేరు తట్టేది కాదు. వారాల పేర్లయితే ఏడుకు ఏడూ పోయాయి.

కంపెనీ కూలీలుండే క్యాంపుకు వచ్చాక, ఆసుపత్రి నర్సు చెప్పిందని మస్కట్‌లోనే ఘుబ్రాలో ఒక చోటికి వెళ్లడం మొదలుపెట్టాను. తలకు దెబ్బ తగిలి బతికినవాళ్ల కోసం ఒక ఒమానీ ఆవిడ నడిపే చిన్న సంఘం అది. ఆమె తమ్ముడు కారు ప్రమాదంలో దెబ్బతిన్నాడట. అతనికి నేర్పించినవే మాకూ నేర్పించేది. ఒక ఫ్లాట్‌లో రెండు గదులు, పది కుర్చీలు, పెద్ద టీ ఫ్లాస్కు, అంతే. నేను మేస్త్రీనని తెలిసి నా కోసం ఒక తాపీ, బకెట్టెడు ఇసుక తెప్పించింది. అక్కడ తెలుగు మాట్లాడేది కడప అక్క ఒక్కతే. దగ్గర్లోనే ఒకరింట్లో పనిచేసేది. వారానికి ఒక్క శుక్రవారం సెలవు దొరికితే, పడుకోకుండా వచ్చి మాకు టీ పోసేది, నా మాటలు ఒమానీ ఆవిడకూ ఆవిడ మాటలు నాకూ చేరవేసేది. మూడు నెలలకు తాపీ నా వేళ్లలో నిలిచింది. తడి ఇసుకను పలక మీద చదును చేశాను, వంకరగానే. ఆ రోజు ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

సరిగ్గా అప్పుడే కంపెనీ నన్ను పరీక్షకు పంపింది. డాక్టరు సరే అంటే చెయ్యి కుదిరేదాకా ఉండనిస్తారు, ఆ తర్వాత కింది అంతస్తులో పని ఇస్తారు. కాదంటే మతి స్థిమితం లేదని రాసి ఇంటికి పంపేస్తారు. మా మండలంలో చేతికి మళ్లీ తాపీ పట్టడం నేర్పేవాళ్లు లేరు. ఆ కాగితం చూశాక నాకు గోడ అప్పగించేవాడూ ఉండడు.

డాక్టరు హిందీలో అడిగాడు, ఇవాళ ఏ రోజు అని.

"లౌకీ, సర్" అన్నాను ఠక్కున. సొరకాయ అని.

ఆయన నన్ను ఎగాదిగా చూసి మళ్లీ అడిగాడు.

"లౌకీ, సర్. రేపు బైంగన్." రేపు వంకాయ అని.

ఆయన ఏదో రాసుకున్నాడు. రెండు రోజులకు ఫోర్‌మన్ నా రూముకు వచ్చాడు. మా జిల్లావాడే. "నీ దిమాక్ ఖరాబయింది. లొల్లి వెట్టకుంట ఇంటికి పోయి సల్లగ పండు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. "నీదే ఖరాబయింది" అన్నాను. అది కూడా రిపోర్టులోకి ఎక్కిందట.

శుక్రవారం అక్కకు జరిగింది చెప్పాను.

"ఏం సెప్పినావబ్బీ? ఇంగోసారి సెప్పు."

"సొరకాయ అన్న. ఆ దినం మెస్సుల సొరకాయనే ఉండె గదక్కా."

అక్క ముందు నవ్వింది. తర్వాత ఆమె మొహం ఎర్రబడింది. క్యాంపు సంగతి ఆమెకు తెలుసు. మాకు వారాలకు పేర్లుండవు. శనివారం పప్పు, ఆదివారం ఆలుగడ్డ, సోమవారం సొరకాయ, మంగళవారం వంకాయ, బుధవారం గుడ్డు, గురువారం క్యాబేజీ, జుమ్మానాడు కోడి. ఇప్పుడు ఈ పేర్లు కూడా నోటుబుక్కు చూసే రాస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా అదే వంటమనిషి, అదే వరస. "సైట్‌కు ఎప్పుడొస్తవ్?" అంటే "గుడ్డునాడు" అనేవాళ్లం. దెబ్బకు వారాల పేర్లు పోయాయి గాని కూరలు పోలేదు.

"నువ్వు సరిగ్గానే సెప్పినావు. అడిగినోళ్లకే తెలీలా" అంది అక్క. లేచి నేరుగా ఒమానీ ఆవిడ దగ్గరికి వెళ్లింది. ఆవిడ అప్పటికప్పుడే ఉత్తరం రాసింది: ఈ మనిషిని మళ్లీ పరీక్షించాలి, ఈసారి అతని భాష తెలిసినవాళ్లు పక్కన ఉండాలి అని.

కంపెనీ మళ్లీ పరీక్షకు పిలిచింది ఒక బుధవారం. అక్క ఇస్త్రీ పని ముందే ముగించి, వాళ్ల మేడమ్‌ను రెండు గంటల సెలవు అడుక్కుని వచ్చింది. బుధవారం అని నా నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాసిచ్చింది. దారంతా వల్లించాను. తీరా ఆ డాక్టరు ముందు కూర్చుని ప్రశ్న వినగానే ఆ మాట మాయమైంది. నోటుబుక్కు తీయకూడదు. అక్క అందించకూడదు. ఆమె నేల చూపులు చూస్తూ కూర్చుంది. పోనీ కూరతో పట్టుకుందామంటే పొద్దున నా డబ్బాలో పప్పు ఉంది. పప్పు శనివారానిది. నిన్న నేను వంకాయ తిన్నాను.

డాక్టరు పెన్ను కాగితం మీదికి వెళ్లింది. నా కోపం నషాళానికి అంటింది.

"అక్కా, ఈయనకు చెప్పు. నిన్న వంకాయ తిన్న. వంకాయ తెల్లారి గుడ్డే రావాలె. ఇయ్యాల పప్పు పోసిండు. తప్పు వంటాయనది, నాది కాదు. కోడినాడు నీ చేతి చాయ తాగిన, అది పోయి ఇయ్యాలటికి ఐదు దినాలు. ఇది గుడ్డుదినమే. ఇంటికి తోలితే తోలుమను, గని పిచ్చోడని రాయద్దను!"

అక్క ఒక్క మాట వదలకుండా చెప్పింది. నా అరుపు కూడా వదల్లేదు, హిందీలో నాకంటే గట్టిగా అరిచింది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. గుడ్డు ఎందుకు రాలేదని అడిగాడు.

"గుడ్ల బండి రాలేదేమో. మెస్సుకు ఫోన్ జేసి అడుగుమను."

ఆయన నవ్వాడు. తర్వాత చాలాసేపు రాశాడు. ఈ మనిషికి పోయింది పేర్లే, ఆలోచన కాదు, ఇక్కడే ఉండి చెయ్యి నేర్చుకోవాలి అని రాశాడట. అక్క బయటికొచ్చాక చదివి చెప్పింది.

నేను బాగైపోయానని చెప్పను. నా ఇసుక గోడ ఇప్పటికీ వంకరే. మొన్న శుక్రవారం సంఘానికి నిర్మల్ వైపు నుంచి ఒక కొత్త మనిషి వచ్చాడు. గుండు మీద కుట్ల గీత ఇంకా పచ్చిగానే ఉంది. అక్క ఫారం తీసుకుని ఇవాళ ఏ రోజని అడిగింది. అతను "కోడికూర" అన్నాడు. వెంట వచ్చిన రూమ్మేటు సిగ్గుపడి, "గిట్లనే ఏదేదో మాట్లాడుతుండక్కా, ఏమనుకోకు" అన్నాడు.

నేను తాపీతో బకెట్టు మీద ఠంగుమని కొట్టాను.

"కరెక్టే చెప్పిండు. రాస్కో అక్కా!"

అక్క అప్పటికే రాసేసింది.