బావ పడవకు మోటారు

నాచారంలో నీళ్ల మోటార్లు తయారుచేసే ఒక కంపెనీలో పని చేస్తాను. చేసేది ప్యాకింగ్ సెక్షన్‌లో. అట్టపెట్టెకు టేపు వేయడం, స్టిక్కర్ అంటించడం, లారీకి ఎక్కించడం. మోటార్లతో నాకున్న సంబంధం అంతే. లోపల రాగితీగ ఎటు చుడతారో కూడా నాకు తెలియదు. ఈ సంగతి మా బావకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఆయన మాత్రం ప్రతిసారీ ఒకటే అంటాడు.

“మోటార్ల కంపెనీల జేస్తవ్ గదా బామ్మర్ది. నీకెర్కుంటది తియ్యి.”

ఈ ఒక్క మాటకు నా ఆదివారాలన్నీ ఆయన పడవలో కలిసిపోయాయి.

బావ అంటే మా అక్క భర్త. నాచారంలోనే వాళ్ల ఇల్లు. ఇంటి వెనకాల చెరువులో చేపలు పట్టడం ఆయన పని. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, సగం చెరువును గుర్రపుడెక్క కమ్మేసింది, అయినా తెల్లారేసరికి ఆయన చిన్న ఫైబర్ పడవ వేసుకుని వల ఎత్తడానికి వెళ్లేవాడు. అక్క గట్టు మీద కూర్చుని చేపలు అమ్మేది. మొన్నటి వానాకాలంలో నాచు పట్టిన మెట్ల మీద జారిపడ్డాడు. కుడి భుజం పోయింది. దవాఖానాలో కట్టు కట్టారు, కట్టు విప్పారు, చెయ్యి మాత్రం మునుపటిలా పైకి లేవనే లేదు. తెడ్డు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

తోటి వాళ్లు మంచివాళ్లే. మేం తెడ్డేస్తాం, నువ్వు కూర్చో అన్నారు. దానికి ఈయన ఇంతెత్తున లేచాడు.

“ఇంకొకడు తెడ్డేస్తుంటే నేను పెండ్లికొడుకు లెక్క కూసోని పోవాల్నా? అమ్మి పారేస్త పడవను.”

కోపంలో అన్నాడులే అనుకున్నాం. కానీ కీసర వైపు చెరువు గుత్తకు పట్టిన మనిషొకాయనతో నిజంగానే మాట్లాడి పెట్టాడు. ఆయన సరేనని, వచ్చే నెల మొదటి సోమవారం ట్రాలీ ఆటో తీసుకుని వస్తానన్నాడట. ఈ మాట తెలిసిన రోజే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

“తమ్మీ, పడవ వోయిందంటే ఈయన మంచం దిగడు. తిండి గుడ సరిగ్గ తింటలేడు. నువ్వే ఏదన్న జెయ్యాలె.”

నేనేం చేస్తాను? స్టిక్కర్ అంటిస్తాను. అదృష్టమో దురదృష్టమో, దమ్మాయిగూడలో ఉండే నా మేనకోడలు అప్పటికే ఫోన్‌లో వెతికి, చిన్న పడవలకు పెట్టే కరెంటు మోటారు ఒకటి ఆర్డర్ చేసేసింది. పెట్టె నాచారం రాకుండా ఉప్పల్‌లో నా ఇంటికి వచ్చింది. అంటే బిగించేది కూడా నేనేనని వేరే చెప్పక్కర్లేదు.

విప్పి చూస్తే పొడవాటి ఇనుప కడ్డీ. కింద చిన్న ఫ్యాను, పైన తిప్పే పిడి, పడవ వెనక అంచును పట్టుకోవడానికి రెండు మరలు, ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. బ్యాటరీ లేదు. మేనకోడలికి ఫోన్ చేస్తే, “మామా, బ్యాటరీ మనమే పెట్టుకోవాలె. అండ్ల రాసుంది సూడు,” అంది. ఆ రాత అంతా చీమలంత అక్షరాలు.

“బ్యాటరీకి ఫికర్ ఎందుకు? ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నది గదా,” అన్నాడు బావ.

ఇన్వర్టర్ బ్యాటరీ మోసినవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ. బండరాయి నయం, వంచితే యాసిడ్ కారదు. దాన్ని నేనొక పక్క, అక్క ఒక పక్క పట్టుకుని గట్టు దాకా మోసుకొచ్చాం. నా ప్యాంటుకు ఆ రోజు పడ్డ చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. తీరా పడవ వెనక పెడితే వెనక భాగం నీళ్లలోకి దిగబడి, ముక్కు ఆకాశం చూసింది. బావ గట్టు మీద నిలబడి, “వెనుకకెందుకు వెట్టినవ్?” అన్నాడు. పెట్టమన్నది ఆయనే. నాకు ఒళ్లు మండిపోయింది.

సరే, బ్యాటరీని ముందుకు జరిపాం. పడవ సర్దుకుంది. ఇప్పుడు వైరు చాలదు. ఇంట్లో మిగిలిన ఫ్యాను వైరు అతికించాను. పిడి తిప్పగానే కింద ఫ్యాను గిర్రున తిరిగింది, అక్క చప్పట్లు కొట్టింది, అంతలోనే కాలిన ప్లాస్టిక్ వాసన. వైరు ముట్టుకుంటే చెయ్యి కాలింది. కరెంటు ఎక్కువ లాగే మోటారుకు లావు వైరు ఉండాలని అప్పుడు తెలిసింది, వేలు బొబ్బలెక్కాక. చివరికి మా కంపెనీ ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపులో, వెల్డింగ్ మెషీన్‌కు వాడే లావు కేబుల్ ముక్క అడిగి తెచ్చుకుంటే పని జరిగింది.

అంతటితో అయిందా? పడవ వెనక అంచు పలచటి ఫైబర్. మోటారు మరలు బిగిస్తుంటే అప్పడంలా పటపటమంది. చెక్క వేయాలి. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ప్లైవుడ్ కొట్టుకు వెళ్లాను, కొలత తీసుకోలేదని మళ్లీ వచ్చాను, మళ్లీ వెళ్లాను. చెక్కకు బోల్టులు బిగించి, ఫ్యాను పూర్తిగా నీళ్లలో మునిగేలా కడ్డీ ఎత్తు సరిచేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఈలోగా ఇంట్లో కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ పడవలో ఉంది కదా. చీకట్లో కూర్చుని బావ నన్నే తిట్టాడు.

ఆదివారం సాయంత్రం పడవ దింపుదామనుకున్నాం. అప్పుడు అక్క అడ్డం పడింది.

“పూజ జెయ్యకుండ దింపుతరా? కొత్త సైకిల్ కొన్నా పూజ జేస్తం. గిది మిషన్.”

బంతిపూల దండ, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, మిరపకాయలు, ఎర్ర దారం. దారం కడ్డీకి చుట్టలు చుట్టలుగా కట్టింది. కొబ్బరికాయ ప్లైవుడ్ మీద కొట్టబోతే నేను అరిచి ఆపాను. పూజ అయ్యాక దండా దారం తీసేద్దామన్నాను. తిరిగే ఫ్యాను పక్కన వేలాడే పోగులు ఎందుకని నా భయం. బావ, అక్క ఇద్దరూ ఒక్కటైపోయారు.

“పొద్దుగూకకముందు పూజ దారం తీస్తరా ఎవలన్న? మంచిది గాదు.”

దండను పైకి జరిపి ముడేశాను. బావ వెనక కూర్చుని ఎడమ చేత్తో పిడి పట్టుకున్నాడు. నేను ముందు బ్యాటరీ పక్కన కూర్చున్నాను. నాకు ఈత రాదు. అది చెబితే, “మోటారుకు ఈత వస్తది, నీకెందుకు?” అన్నాడు.

పడవ కదిలింది. చప్పుడు లేదు, పొగ లేదు. బావ ముఖం చూశాను. పడ్డ రోజు తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. పిడి కుడికి నెడితే ముక్కు ఎడమకు పోతుందని తెలుసుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. చెరువు నడుమకు వచ్చాం. అప్పుడు దండ ముడి జారింది. దండ పోయి నీళ్లలో పడింది, దాని వెనకే దారం. కిందినుంచి కర్రుమని ఒక శబ్దం వచ్చి ఫ్యాను ఆగిపోయింది.

“తెడ్లేవి?” అన్నాను.

తెడ్లు లేవు. బావ మళ్లీ ఎక్కడ తెడ్డు పడతాడోనని అక్క వాటిని తీసుకెళ్లి మంచం కింద దాచిందట. ఈ ముక్క గట్టు మీద నుంచి ఇప్పుడు అరిచి చెబుతోంది. మొగుడి మీద ప్రేమ ఉండొచ్చు, కాదనను. కానీ చెరువు మధ్యలో, ఈత రాని తమ్ముడు కూడా ఉన్నాడని కాస్త గుర్తుండాలి కదా!

చేపల డబ్బా మూత తీసి నేను నీళ్లు తోశాను. బావ కూడా ఎడమ చేత్తో తోయబోయాడు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. ఆయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గట్టు చేరేదాకా ఆ చేతివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన తిట్టినా బాగుండేదనిపించింది.

సోమవారం పొద్దున్నే వెళ్లి ఫ్యాను విప్పాను. నట్టు తీస్తే లోపల దారం ఉండలా బిగుసుకుని ఉంది. బ్లేడుతో కోసి లాగాను. లోపల ఉండే చిన్న పిన్ను జారి బురదలో పడితే వెతకడానికి మోకాళ్ల మీద కూలబడ్డాను. అంతా శుభ్రం చేసి బిగించి, “ఈసారి దండా లేదు, దారం లేదు. ఒక్కడివే పో బావా,” అన్నాను. ఫోన్ తడుస్తుందని నా చేతిలో పెట్టి ఆయన వెళ్లాడు.

ఎంత బాగా వెళ్లాడని! వల ఆనవాలుకు పాతిన వెదురు కర్ర దాకా గీత గీసినట్టు వెళ్లాడు. నా ఛాతీ ఉబ్బింది. అక్క రెండు చేతులూ జోడించి నిలబడింది. బావ పిడి వదిలి ఎడమ చేత్తో వల అందుకున్నాడు. గాలికి పడవ వల మీదికే పోయింది. వల వదిలి పిడి పట్టుకున్నాడు. వల మునిగిపోయింది. మళ్లీ వల పట్టుకున్నాడు, మళ్లీ పడవ తిరిగింది.

ఆయనకు పనిచేసేది ఒక్క చెయ్యి. అది మోటారుకివ్వాలా, వలకివ్వాలా? బ్యాటరీ మోశాం, వెల్డింగ్ కేబుల్ తెచ్చాం, ప్లైవుడ్ కోయించాం, పూజ కూడా చేశాం. ఈ ఒక్క సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎవరిని తిట్టాలో తెలియక నా నెత్తి నేనే కొట్టుకున్నాను.

బావ తిరిగి వచ్చాడు. మా ముఖాలు చూడకుండా అన్నాడు.

“వైర్లిప్పు బామ్మర్ది. కీసరాయన వచ్చే యాళ్లయింది. పడవ ఖాళీ జేసి పెడ్దాం.”

నేను వంగి వైరు మీద చెయ్యి వేశాను. అప్పుడే పడవ అటూ ఇటూ ఊగింది. చూస్తే అక్క. కొంగు నడుముకు దోపుకుని పడవలో కాలు పెట్టింది. మా వాళ్లలో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, వల అల్లుతారు, పడవ మాత్రం ఎక్కరు. ఇన్నేళ్లలో అక్క ఆ పడవను కడగడమే కానీ ఎక్కడం నేను చూడలేదు.

“ఏందే ఇది? దిగు,” అన్నాడు బావ. “ఆడోళ్లు పడవెక్కుతరా? నల్గురు సూస్తే ఏమంటరు?”

“సూడనియ్యి. మనింట్ల పొయ్యి వెల్గకుంటె సూడనీకి వస్తరా ఆ నల్గురు? నువ్వు ముందటికి వోయి వల సూస్కో. దీన్ని నేను వట్టుకుంట.”

బావ నావైపు చూశాడు. నేను వైరు మీది నుంచి చెయ్యి తీసేశాను. ఆయన ఏదో గొణుక్కుంటూ లేచి ముందుకు వెళ్లి, బ్యాటరీ పక్కన కూర్చున్నాడు.

అక్క పిడి తిప్పింది. తిప్పడమే మొత్తం తిప్పేసింది. పడవ ఎగిరి దూకినట్టు వెళ్లి గుర్రపుడెక్కలో దూరింది. “అటు గాదు, ఇటు నూకు!” అని గట్టు మీద నుంచి నేను అరిచాను. ఎవరు వింటారు? అక్క మళ్లీ అటే నూకింది. బావ అందుకున్నాడు. “కండ్లు లేవా నీకు? వెనుకకు తిప్పు! మెల్లగ!” “ఒర్రకు! తిప్పుతున్న గదా!” అని అక్క ఆయన కంటే పెద్దగా అరిచింది. ఇద్దరూ తిట్టుకుంటూనే బయటపడి, తిట్టుకుంటూనే వెదురు కర్ర దగ్గరికి చేరారు. అక్క పిడిని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. పడవ నిలబడింది. బావ ఎడమ చేత్తో వల లాగి మోకాలి కింద అదిమిపెట్టి, మళ్లీ లాగాడు. వలలో ఒక రవ్వ చేప తళుక్కుమంది. “జర ముందటికి పోనియ్యి,” అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో.

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని ఆదివారాలు నా ప్రాణం తీసిన మనుషుల మీద కోపం కూడా అలాగే ఉంది. రెండూ ఒకేసారి వచ్చాయి.

చేతిలో బావ ఫోన్ మోగింది. కీసరాయన.

“ట్రాలీ తీస్కోని బయల్దేరిన. పడవ ఖాళీ జేసిన్రా?”

“లేదన్నా,” అన్నాను. “మా అక్క నడుపుతున్నది.”