గుడ్డు వదులైన వారం

చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో మీరు ఎవరిని అడుగుతారు? కార్యాలయంలో కూర్చున్నవాడినా, రోజూ దాని కడుపు కోసే మనిషినా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను తొందరపడి తప్పు చెప్పినవాణ్ణి.

బర్మాలోని తాకేటాలో మా ఇల్లు పడవల రేవుకు దగ్గర. మా ముత్తాతలు ఓడరేవు కూలీలుగా వచ్చి, ఆ ఒడ్డున తరతరాలుగా చేపలు పడుతున్న మోన్ జాతి కుటుంబాల దగ్గర వల వేయడం నేర్చుకున్నారు. వానాకాలంలో సముద్రం నుంచి ఇలస ఏటికి ఎదురీదేది. చిన్న వలలవాళ్లకు ఏడాది తిండి ఆ చేపే. మా నాన్నదీ చిన్న వలే. మా పెద్దమ్మ రేవులో చేపలు కోసి ఇచ్చేది.

కోతపని ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. వానల్లో ఒక వారం పాటు గుడ్డు చేపను కోసేవారు కాదు. కోస్తే కడుపుతో ఉన్నవాళ్లకు కీడని చెప్పుకునేవారు. నాది పఠనమందిరంలో వాదాలు నేర్చి, మూఢనమ్మకం కనిపిస్తే చాలు మీద పడే వయసు. ఆ కీడు మీద ఒక సాయంత్రమంతా ఉపన్యసించాను. చప్పట్లు కొట్టారు కూడా.

ఆ తర్వాతే సర్కారు మీద తిరగబడి ఊరంతా వీధుల్లోకి వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూసేశారు, వేటకు అనుమతులిచ్చే కార్యాలయానికీ తాళం పడింది. ఏ నెలలో వల వేయకూడదో చెప్పేవాడు లేడు. రేవులో నేను గట్టిగా వాదించాను: అడ్డు లేదు, ఆకలి ఉంది, పట్టండి. మగవాళ్లు పట్టారు. పడవలు నిండుగా వచ్చాయి. పెద్దమ్మ మొదటి చేప కోసి, బొటనవేలు లోపల పెట్టి చూసి, కత్తిపీట మడిచేసింది. ఆమె వెనకే మిగతావాళ్లూ లేచారు. ఊరి నడుమనున్న లమ్మడా పేట నుంచి వచ్చి చేపలు బుట్టలతో కొనుక్కుపోయే వ్యాపారులు ఆ రోజుల్లో ఇటు రావడం లేదు. కోసి ఇచ్చేవాళ్లు లేకపోతే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కొనరు.

నేను కోపంగా వెళ్లి, ఈ కీడు మాటలు ఇంకా ఎన్నాళ్లని అడిగాను.

"కీడేటి, కాకరకాయేటి," అంది పెద్దమ్మ. "అది కొత్త కోడళ్లని బెదిరించడానికి సెప్పే మాట. ఏలు ఇలా పెట్టు."

పెట్టాను. గుడ్డు ముద్దగా లేదు. తడి ఇసకలా విడిపోయి వేలి కింద జారింది.

"ముద్దగా ఉంటే కోస్తాం. ఇలా ఒదులైపోయిందంటే వారంలో పెట్టీస్తాది. ఇప్పుడు దీన్ని పట్టీసుకున్నామంటే, ఒచ్చే ఏడు నీ ఉపన్నాసమే వండుకుని తినాల."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు తగినదే. నేను వెక్కిరించిన కట్టుబాటు వెనక పరిశీలన ఉంది, నా వాదం వెనక లేదు. ఆ మధ్యాహ్నమే, రేవులో వంతులు పంచే మోన్ పెద్దాయన వలలన్నీ ఎత్తించి ఆరేయించాడు. ఊళ్లో తుపాకులు మోగుతున్న ఆ వారమంతా, అడిగే అధికారి లేని ఏటి మీద, మావాళ్లు పస్తులుండి కూడా వల వేయలేదు.

తర్వాత దేశం తలుపులు మూసుకుంది. మాకు ఉత్తరాలు రావు, పుస్తకాలు రావు. కార్యాలయం మాత్రం తెరుచుకుంది. మరుసటి వానల్లో కొత్త అధికారి వచ్చి, గుడ్డు చేపను నాశనం చేస్తున్నది చిన్న వలలేనని, వాటి అనుమతులు రద్దు చేస్తామని చెప్పాడు. కాగితం ప్రకారం గుడ్లు పెట్టే నెల అప్పుడే మొదలైంది. అనుమతి పోతే మా నాన్న పడవ పొయ్యిలో కట్టెలకు తప్ప పనికిరాదు.

విచారణ రేవులోనే జరిగింది. నేను పెద్ద ప్రసంగం సిద్ధం చేసుకుని వెళ్లాను. పెద్దమ్మ నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, ఆ ఉదయం అధికారి ఎదుటే పట్టిన చేపల్ని ఒక్కొక్కటీ కోసి ఆయన బల్ల మీద పరిచింది. ఒక్కదాంట్లోనూ గుడ్డు లేదు. కడుపులు ఖాళీ సంచుల్లా వేలాడాయి. సగం బర్మా మాట, సగం మా మాట కలిపి అంది:

"సూడండి సయా. ఇవి పెట్టీసి సముద్రానికి ఎలిపోతన్నాయి. దొంగ ఎలిపోయినాక తలుపేసి, ఇంట్లోవోళ్లని కట్టీసినట్టుంది మీ కాయితం."

ఎవరూ నవ్వలేదు. అధికారి తన వేలు పెట్టి చూశాడు. మరి వలలు ఎప్పుడు ఎత్తాలని అడిగాడు. కిందటి నెలలోనే ఎత్తి ఆరేశామని మోన్ పెద్దాయన చెప్పాడు. ఎవరు ఎత్తమన్నారని అడిగితే పెద్దమ్మను చూపించాడు.

చిన్న వలల అనుమతులు నిలిచాయి. వేట ఆపే వారాన్ని ఏటేటా రేవులో చేప కోసి చూసి నిర్ణయించాలని ఉత్తర్వులో రాశారు. దేశమంతా నోరు నొక్కేసిన ఏడాదిలో, ఒక సర్కారు కాగితం చేపలు కోసే ఆడవాళ్ల మాట విని మారింది! ఆ రోజు మా నాన్న రేవులో అందరి ముందూ పెద్దమ్మకు దండం పెట్టాడు. ఆ ఏడు చేప బాగా పడింది. అది మావల్లేనని నేను ప్రమాణం చేయను, వానలూ బాగా కురిశాయి. కానీ ఆ తేదీ కళ్లారా చూసి తేల్చుకున్నది.

మీ ఊళ్లోనూ వేట నిషేధానికి ఒక తేదీ ఉంటుంది. రేపే చేపల బజారుకు వెళ్లండి. కోసే ఆమె పక్కన కూర్చుని, గుడ్డు ఎప్పుడు వదులవుతుందో అడగండి. తేదీ తప్పని తేలితే, ఆమెను వెంటబెట్టుకుని, అది వేసినవాళ్ల ముందుకు వెళ్లి మార్పించండి.